అన్న సీట్ల కూసున్న రోజు

నా చిన్నప్పుడు నేను మూడో తరగతి మూడేండ్లు చదివిన. సారుకు నన్ను వదలబుద్ధి అయితలేదని మా అమ్మ వాడకట్టందరికి చెప్పుకునేది. నాలుగో ఏడు సారే చేతులు జోడించి, ఇగ బర్లను కాసుకో బిడ్డా అన్నడు. అంకెలు వచ్చినయి గాని, అక్షరాలకు నాకు దోస్తీ కుదరలేదు.

మా అన్న, మా పెద్దనాయన కొడుకు, నాకంటే ఆరు నెలలు పెద్దోడు, ఏడో తరగతి. పొద్దుగూకినంక వాడు అరుగు మీద కూసోని పేపరు చదువుతుంటే, సంగారెడ్డిల మా గల్లీ ముసలోళ్ళంత చుట్టూ చేరేటోళ్ళు. మా నాయనమ్మ మీగడ వాని గ్లాసులనే వేసేది. నా గ్లాసుల పాలు చూస్తే మా బర్రెకే సిగ్గయ్యేటట్టు ఉండేటివి. వానికి దగ్గు వచ్చినా నాకు సంతోషమే. గంత కుళ్ళు నాది.

మా చిన్నాయన ఒక షావుకారి దగ్గర జీపు నడిపేటోడు. అంతకుముందు పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీల కట్టుబడికి లారీల ఇసుక తోలిన మనిషి. ఆయనకు పట్నం రోడ్డు తప్ప వేరే రోడ్డు తెలియదు. షావుకారింటికి కొత్త అల్లుడు వచ్చిండు. మంజీర దాటి, జోగిపేట మీదుగ మెదక్ దాక పాత ఊర్లు, బురుజులు, దొరల గడీలు, చెరుకు తోటలు చూసుకుంట పోవాలని ఆయన ముచ్చట. కొత్త అల్లుడు అడిగితే కాదనేదెవరు? చిక్కు ఒక్కటే. మా చిన్నాయన నిజాం కాలంల ఉర్దూ చదువుకున్నడు. రోడ్డు పొంటి కొత్తగ పాతిన రాళ్ళ మీదనేమో పేర్లు తెలుగుల ఉన్నయి. అందుకని ముందు సీట్ల కూసోని రాళ్ళు చదవడానికి మా అన్నను రమ్మన్నడు.

ఆ మాట విన్నప్పటి సంది నాకు బువ్వ సయించలేదు. మీగడ పోతే పోయింది, జీపుల ముందు సీటు కూడ వానికేనా అని కడుపుల మంట. బయలెల్లే రోజు పొద్దుగాల్నే పోయి, అల్లుడుగారికి జరం వచ్చింది, ప్రయాణం ఎల్లుండికి పడ్డదని వానికి చెప్పిన. వాడు జెరసేపు నా మొఖం చూసి, సరే అని చేనుకు పోయిండు. జీపు వచ్చేసరికి ఉతికిన అంగీ తొడుక్కోని వాకిట్ల నేను తయారు. అన్న లేడు, నాకు కూడ చదవొస్తది అని చెప్పిన. మా చిన్నాయన నన్ను కింది నుంచి మీదికి చూసి, ఎక్కు అన్నడు.

వెనుక అల్లుడు, షావుకారి బిడ్డ, అగో బురుజు, అగో చెరుకు గానుగ అని ఒకరికొకరు చూపించుకుంటున్నరు. నేను మాత్రం ఏ రాయి ఎప్పుడొస్తదో అని చెమటలు కక్కుతున్న. రాయి రాంగనే అంకె చదివేది, దాని ముందు ఊరి పేరు నేనే అతికిచ్చేది. జోగిపేట పన్నెండు, జోగిపేట తొమ్మిది. అట్ల జోగిపేట దాక గడిచింది.

జోగిపేట దాటినంక ఒక కాడ రోడ్డు రెండుగ చీలింది. రాయి మీద రెండు పేర్లు, రెండు బాణాలు. రెండూ నాకు ఒక్క తీరే కనబడ్డయి. చిన్నాయన నా దిక్కు చూసిండు. ఎడమకు అని గొనిగిన.

ఆయన బండి ఆపి, రేడియేటరుల నీళ్ళు పోయాలని దిగిండు. పోసినంక తుప్పల దిక్కు నడిచిండు. అక్కడ సగం మట్టిల మునిగిన పాత రాయి ఒకటి ఉన్నది, దాని మీద ఉర్దూ అక్షరాలు. ఆయన వంగి చూసుడు నేను చూసిన. నా అబద్ధం బయటపడ్డదనుకున్న. ఆయన వచ్చి కూసోని, వెనుకోళ్ళకు ఇనబడేటట్టు, "మా పిల్లగాడు కుడికి అంటుండు, కుడికే పోదాం" అని స్టీరింగు తిప్పిండు.

జెర దూరం పోంగనే మెదక్ పోయేటోళ్ళు ఎదురై, దారి ఇదేనన్నరు. అల్లుడుగారు మురిసిపోయి, చదువుకున్న పిల్లగాడు ఉంటే గిట్లుంటది అని నా చేతుల బిస్కెట్ల పొట్లం పెట్టిండు. ఆ పొట్లం ఇప్పకుంటనే జేబుల పెట్టుకున్న. ఆ మెచ్చుకోలు మా అన్నది. అది కూడ నేనే గుంజుకున్న.

రాత్రి ఇంటి ముందు దింపినప్పుడు చిన్నాయన ఒక్క మాటే అన్నడు. "రేపటి సంది అన్న కాడ అక్షరాలు నేర్చుకో. నాకు ఉర్దూ రాయి ప్రతిసారి దొరకది."

నేర్చుకున్న. ఇప్పుడు బస్సుల పోతుంటే కనబడ్డ రాయినల్ల చదువుత. ఊరందరిని ఆటపట్టిచ్చే నేను, రానిది వచ్చినట్టు చెప్పేటోడు ఎదురైతే మాత్రం నలుగురిల వాన్ని ఏమనలేను. నవ్వు నోటిదాక వస్తది, చిన్నాయన తుప్పల కాడ వంగుడు యాదికొస్తది.

మొన్న ఒక పెండ్లిల అన్న పక్కన బంతిల కూసోని, ఇన్నేండ్లకు ఆ జరం ముచ్చట ఒప్పుకున్న. తిడతడనుకున్న. వాడు పప్పు కలుపుకుంటనే అన్నడు:

"అబద్ధమని అప్పుడే ఎరుకరా నాకు. రాయి కాడ నువ్వేం చదువుతవో అందరు సూడాలని ఊకున్న. చిన్నాయననే నడుమల చెడగొట్టిండు."