పడక ఇచ్చారు, చేర్చుకోలేదు

హెల్మి కాంగాస్ ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపింది, సుపీరియర్ సరస్సు ఒడ్డున, ఏడాదిలో ఆరు నెలలు మంచులో కూరుకుపోయే రోడ్ల మీద. అన్నేళ్ళలో ఆమె బస్సు రోడ్డు దిగలేదు, ఆమె గొంతు లేవలేదు. సాయంత్రం ఆఖరి పిల్లాణ్ణి దించాక ఇంజను ఆపి, చివరి సీటు దాకా నడిచి, ఎవరైనా నిద్రపోయి మిగిలిపోయారేమో చూసేది. వంగి సీట్ల కింద కూడా చూసేది. మానేసి పదేళ్ళయినా, చర్చిలో ప్రార్థన అయ్యాక వెనక బల్లల దాకా ఓ నడక నడిచి వస్తే గానీ ఆమెకు తోచదు.

ఆ మనిషికి డెబ్బై ఆరో ఏట కోపం వచ్చింది. ఆలస్యంగా వచ్చింది గదా, వడ్డీతో సహా వచ్చింది.

ఆమె భర్త రైనో కలప కొట్టేవాడు. ఆ చుట్టుపక్కల అందరిలాగే వాళ్ళ తాతలూ ఫిన్లండ్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. వస్తూ వస్తూ ఆవిరి స్నానాల గదినీ, ఏలకుల రొట్టెనీ వెంట తెచ్చుకున్నారు. నొప్పి చెప్పుకుంటే పరువు తక్కువన్న పట్టింపునీ తెచ్చుకున్నారు. ఒకసారి రంపం రెండు వేళ్ళు తీసేస్తే రైనో చేతికి తువ్వాలు చుట్టుకుని తనే బండి నడుపుకుంటూ ఇంటికొచ్చాడు. ఎలా ఉందంటే "ఫర్వాలేదు" అన్నాడు. కాఫీ ఉందా అని అడిగాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆవిరి గది కప్పు మీద మంచు తోయడానికి నిచ్చెనెక్కి, పక్కకి ఒరిగి పడ్డాడు. లేవలేకపోయాడు. ఆసుపత్రిలో ఎక్స్-రే తీసి ఎముకలు బాగున్నాయన్నారు. నిలబెడితే మాత్రం ముఖం పాలిపోయి కూలబడుతున్నాడు. "ఉంచి చూద్దాం" అని పై అంతస్తుకు పంపారు. పడక ఇచ్చారు, వెనక ముళ్ళేసే గౌను తొడిగారు, మణికట్టుకు పట్టీ కట్టారు, మూడు పూటలా తిండి పెట్టారు.

రోజూ పొద్దున్నే కుర్ర డాక్టరు నోలన్ వచ్చేవాడు. "ఎలా ఉందండీ?"

"ఫర్వాలేదు."

"నొప్పి?"

"ఏదో ఉంది. గొడవేం లేదు."

డాక్టరు రాసుకుని వెళ్ళిపోయేవాడు. హెల్మి పక్కనే ఊలు అల్లుకుంటూ కూర్చుని ఉండేది. ఆమె మాత్రం నోరు విప్పిందా? నర్సు అడిగితే తనూ "మాకేం ఇబ్బంది లేదమ్మా" అంది.

రెండో రోజు బ్రిటా కాగితం పట్టుకుని వచ్చింది. తొమ్మిదేళ్ళు హెల్మి బస్సులో బడికెళ్ళిన పిల్ల. ఇప్పుడు ఆసుపత్రి ఆఫీసులో ఉద్యోగం.

"ఇక్కడో సంతకం కావాలి, మిసెస్ కాంగాస్. అందరికీ ఇచ్చే మామూలు కాగితమే."

పని మీద వచ్చిన మనిషిని నిలబెట్టి, తీరిగ్గా అక్షరం అక్షరం చదవడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. నిన్ను నమ్మనని మొహం మీద చెప్పినట్టే. హెల్మి మోకాలి మీదే పెట్టి సంతకం చేసింది. పైగా సంచిలోంచి రొట్టె ముక్క తీసి చేతిలో పెట్టింది. "చిక్కిపోయావే, తిను."

నాలుగు రాత్రులు గడిచాయి. అయిదో రోజు పొద్దున, పంపించేస్తున్నాం, ఇంట్లో కష్టం, ఓ నెల కేర్ హోమ్‌లో ఉంచి నడిపించండి అన్నారు. మంచిదే. పెద్దవాళ్ళకి సర్కారు ఇచ్చే బీమా, మెడికేర్, దానికోసమే గదా జీతాల్లోంచి కోయించుకున్నది. హెల్మి కేర్ హోమ్‌కి ఫోన్ చేసింది. అవతల ఆడమనిషి వివరాలు చూసి నసిగింది.

"గది ఉందండీ. కానీ మెడికేర్ ఇవ్వదు. రోజుకు నాలుగు వందల డాలర్లు మీరే కట్టుకోవాలి."

"ఎందుకివ్వదు?"

"మూడు రోజులు ఆసుపత్రిలో చేరి ఉండాలండీ."

"నాలుగు రాత్రులున్నాడమ్మా."

"ఉన్నారు. చేర్చుకోలేదు. పరిశీలనలో పెట్టారంతే. కాగితాల్లో ఆయన బయటి రోగే."

"మరి నాలుగు రాత్రులూ ఎక్కడ పడుకున్నాడు? కారు పార్కింగ్‌లోనా?"

హెల్మి మనసులో లెక్క కట్టింది. నెలకు పన్నెండు వేలు. అంత డబ్బు కావాలంటే ఇల్లు అమ్మాలి. లేదంటే అడుగు వెయ్యలేని మనిషిని ఇంటికి తీసుకెళ్ళి, ఎముకల గూడులాంటి తను ఎత్తి దించాలి. ఎత్తలేని రోజున ఏమిటన్నది ఆమె ఆలోచించదల్చుకోలేదు.

సంచి అడుగున మడిచి పెట్టిన కాగితం తీసి, అప్పుడు చదివింది. అంతా రాసే ఉంది. మీరు బయటి రోగి, చేరిన రోగి కారు, దీనివల్ల తర్వాతి సంరక్షణకు బీమా రాకపోవచ్చు. కింద ఆమె సంతకం. అన్యాయం చేసినవాళ్ళు దాన్ని ముందే రాసిచ్చి, ఆమె చేతే ఒప్పించారు. అదే ఆమెను మండించింది.

బ్రిటా బల్ల ముందుకెళ్ళి నిలబడింది.

"పిల్లా, రైలు పట్టాల దగ్గర నేనేం చేసేదాన్ని?"

బ్రిటా తెల్లబోయింది. "బస్సు ఆపేవారు. తలుపు తెరిచి వినేవారు."

"ఏడాదికొక్క రైలైనా రాని పట్టాలు. అయినా తొమ్మిదేళ్ళూ రోజుకు రెండుసార్లు ఆపి, విని, నిన్ను దాటించాను. నువ్వు నాకు మామూలు కాగితమే అన్నావు."

పిల్ల కళ్ళు నిండాయి. "అలాగే చెప్పమన్నారు."

"చెప్పమన్నవాళ్ళకి నేను తెలియదు. నీకు తెలుసు."

అక్కణ్ణుంచి తిన్నగా డాక్టరు దగ్గరికి. నోలన్ మెట్ల దగ్గర దొరికాడు.

"ఎక్స్-రేలో ఏమీ లేదండీ. ఆయనే ఫర్వాలేదంటున్నారు. చేర్చుకోవడానికి కారణం ఏమని రాయను?"

"నీది ఏ ఊరు నాయనా?"

"ఆరిజోనా."

"వచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు."

"అయితే ఎవరూ చెప్పలేదన్నమాట. మా మగవాళ్ళు బాగుంటే వాతావరణం గురించి మాట్లాడతారు. ఫర్వాలేదు అన్నారంటే పాస్టరును పిలవాలి. నువ్వు రాసుకుని పోయావు. రా."

ముందు ఆమె, వెనక డాక్టరు. గదిలో రైనో కిటికీలోంచి మంచు చూస్తున్నాడు.

"రైనో. యాభై రెండేళ్ళుగా నిన్ను నేనేమీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. ఎక్కడ నొప్పి?"

"గొడవెందుకే."

"గొడవే కావాలి నాకు. చెప్పు."

రైనో దొంగతనం ఒప్పుకున్నవాడిలా దుప్పటివైపు చూస్తూ అన్నాడు. "గజ్జల్లో. కత్తి పెట్టి తిప్పుతున్నట్టుంది."

"ఎప్పట్నుంచి?"

"నిచ్చెన దగ్గర్నుంచి."

డాక్టరు పాదం పట్టుకుని కాలు కొంచెం లోపలికి తిప్పాడు. రైనో అరవలేదు. మంచం కమ్మీ పట్టుకున్న మూడు వేళ్ళ చెయ్యి తెల్లగా అయిపోయింది. డాక్టరు ముఖమూ అదే రంగుకి వచ్చింది.

సాయంత్రం పెద్ద యంత్రంలో పెట్టి చూస్తే తుంటి కీలు దగ్గర తొడ ఎముకకి బీట. ఎక్స్-రే కంటికి అందని బీట. మర్నాడే ఆపరేషన్.

"ఇప్పుడు చేర్చుకున్నాం" అన్నాడు నోలన్. "నేనే ముందు చూసి ఉండాల్సింది. క్షమించండి."

హెల్మి చుట్టూ చూసింది. అదే గది. అదే పడక. అదే పట్టీ, దాని మీద అదే అంకె. "అయితే ఈ నాలుగు రాత్రులూ?"

"అవి లెక్కలోకి రావండీ. ఇవాళ్టినుంచే."

మర్నాడు, ఆసుపత్రి నుంచి కబురు అంది, కేర్ హోమ్ ఆడమనిషే ఫోన్ చేసింది. కష్టపెట్టాలని కాదు, ఓదార్పుకే అంది. "ఒక రకంగా మీ అదృష్టం, విరిగింది."

"విరక్కపోతే?"

"మీరే కట్టుకోవాల్సి వచ్చేదండీ. రూలు."

"నడవలేనివాడు విరిగినా నడవలేడు, విరక్కపోయినా నడవలేడు. ఆ రూలు రాసినవాడికి తుంటి లేదా, తల్లి లేదా?"

"మాకూ కోపమేనండీ" అంది ఆమె నెమ్మదిగా. హెల్మి ఫోన్ పెట్టేసింది. ఆ మాటతో చల్లారే కోపం కాదది.

ఆపరేషనైన మూడో రోజు రైనోని తీసుకెళ్ళడానికి బండి వచ్చింది. బీమా ఇస్తుంది. బ్రిటా కాగితం తెచ్చి గుమ్మంలో నిలబడింది. ఈసారి మామూలు కాగితమని అనలేదు. హెల్మి సంచిలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది.

"కూర్చో."

"వాళ్ళు కింద ఎదురు చూస్తు..."

"చూడనీ. కూర్చో."

ముందువైపు చదివింది. వెనకవైపు చదివింది. చిన్న అక్షరాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివింది. స్ట్రెచర్ మనిషి రెండుసార్లు తొంగిచూసి పోయాడు. అప్పుడు సంతకం చేసింది. రొట్టె ఇవ్వలేదు.

స్ట్రెచర్ లిఫ్టు వైపు కదిలింది. "పద, వస్తున్నా" అని రైనోకి చెప్పి, హెల్మి వెనక్కి తిరిగి, నడవా చివరి గది దాకా నడిచింది. అక్కడ ఓ ముసలాయన నిద్రపోతున్నాడు. పక్కన ఆయన భార్య ఒళ్ళో కోటు పెట్టుకుని బొమ్మలా కూర్చుని ఉంది.

"ఎన్ని రాత్రులైంది?" అంది హెల్మి.

"రెండండీ."

"ఎలా ఉన్నాడు?"

"ఫర్వాలేదు."

హెల్మి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సంచిలో ఓ కాగితం ఉంటుంది, సంతకం పెట్టించుకుని ఉంటారు. తియ్యి."