దుర్గాలక్ష్మి ఆగిన చోటు

గవరపాలెంలో మైకుసెట్టు త్రినాధరావంటే తెలియనోళ్లుండరు. పెళ్లైనా, నూకాలమ్మ పండగైనా ఆయన బాక్సులు మోగాల్సిందే. ఎప్పుడో విశాఖలో ఓ ఓడ ఇంజినీరు దగ్గర కొన్న ఫారిన్ బాక్సులవి, ఒక్కొక్కటీ బీరువాలో సగం ఉంటాది. వాటినేమైనా అన్నారో, మనిషి కస్సుమంటాడు.

ఏ స్పీకరునైనా సరే ఆయన పరీక్ష ఒకటే. పడుచుతనంలో భార్య దుర్గాలక్ష్మి గొంతు పట్టిన క్యాసెట్టు వేస్తాడు. "అలో అలో... మైకు..." అని ఆవిడ టక్కున ఆగిపోతుంది. కాసేపటికి చిన్న నవ్వు. తర్వాత "టెస్టింగ్" అంటుంది. మైకు చూసి బెదిరిపోయిందని ఆయన ఆవిడని జన్మంతా ఏడిపించేడు. "నీకేటి తెలుసులే" అనేసి ఆవిడ వంటింట్లోకి పోయేది. ఆవిడ కాలం చేసి నాలుగేళ్లైంది. ఆ బాక్సులు కూడా పోతే ఆవిడ రెండోసారి పోయినట్టేనని ఆయన బెంగ.

కూతురు సుప్రియ సౌండు పని నేర్చుకొచ్చి, బియ్యం డబ్బాలంతేసి కొత్త స్పీకర్లు రెండు దించింది.

"పాతవి అమ్మేద్దాం నాన్నా. రెండిటి మోతా కొలిచి చూపిస్తాను."

"కొలవ్వే! ఏది మొగుడో తేలిపోద్ది!"

లారీల రొద పడకుండా మిట్టమధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించేరు. కొలిచే మైకు స్టాండుకి తగిలించి సుప్రియ మీట నొక్కింది. ఊఁ అని పాతాళంలోంచి లేచిన మోత సన్నబడి సన్నబడి కీచుమని ఆగింది. వీధిలో కుక్కలన్నీ ఒక్కసారే ఏడ్చేయి. రెండు జతలకీ అలా కొలిస్తే, కంప్యూటర్లో పాతవాటి మోత చూపే గీత మధ్యలో ఎద్దు మూపురంలా లేచి, సన్న శబ్దాల దగ్గరికొచ్చేసరికి గోతిలో పడింది. కొత్తవాటి గీత గచ్చులా సాపుగా ఉంది.

ఆయన మొహం మాడిపోయింది. "గీతలు గీత్తే సరా? ఆ కొత్తాటిలో మీ అమ్మని పలికించు, సూద్దాం."

సుప్రియ క్యాసెట్టు వేసింది. "అలో అలో... మైకు..."

అక్కడ ఆగింది. ఆ ఆగినచోట, ఘల్లుమంది.

"ఎవరే గుమ్మంలో?" అన్నాడాయన. ఎవరూ లేరు. సుప్రియ క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. ఘల్లు... ఘల్లు ఘల్లు. తప్పటడుగుల పట్టీలు, దూరంనించి దగ్గరికి. ఆ తర్వాత దుర్గాలక్ష్మి నవ్వు.

పాత బాక్సుల్లో పెట్టి చూస్తే ఆ చోట ఏమీ లేదు.

"ఎవరిది నాన్నా అది?"

"మీ అక్కది."

బుజ్జి. సుప్రియ పుట్టకముందే, నడకొచ్చిన కొత్తలో జ్వరమొచ్చి పోయింది. ఒక్క ఫొటో అయినా తియ్యలేదు. పట్టీలు కూడా పిల్లతోనే మట్టిలో పెట్టేసేరు.

"ఆయాల నేను రికార్డు మిషను మీద ముల్లు సూత్తా కూసున్నానే," అన్నాడాయన. "నా ఎనకమాల పిల్ల నడిసొచ్చింది. దాన్ని సూసే మీయమ్మ ఆగింది. అది తెలీక మీయమ్మని ఎంత ఏడిపించేనే!"

"ఆపెయ్యనా నాన్నా?"

"ఒద్దు. ఇంకోసారెయ్యి."

ఆమె మీట మీద వేలు పెట్టింది.

"ఆగాగు," అంటూ ఆయన లేచేడు. గుమ్మం దగ్గర్నించి నేలమీద అడ్డంగా పడున్న వైరుని వంగి తీసి, జాగ్రత్తగా గోడవారకి జరిపేడు.

"పిల్ల కాలికి తగుల్తాది," అన్నాడు. "ఇప్పుడెయ్యి."