దాసన్న తెచ్చిన అడుగుమట్టి

పత్తికొండ దగ్గర మా ఊళ్లో నా ఈడువాళ్లను ఎవరినడిగినా, ఈత నేర్పింది దాసన్న మామే అంటారు. మనిషి సన్నం, నోరు పెద్దది. వీపుకు నీళ్లలో తేలే మునగబెండ్లు కట్టి పిల్లల్ని బావిలోకి తోసేవాడు. వాళ్లు ఏడిస్తే గట్టున కూర్చుని నవ్వేవాడు, దొంగ సచ్చినోడు. అయితే ఒక కట్టుబాటుంది. ఏటా ఎండాకాలం మొదటిరోజు, తల్లులందరూ మెట్లమీద కూర్చుని చూస్తుండగా, ఆయన బావి అడుగుకు మునిగి పిడికెడు మట్టి తేవాలి. అప్పుడే పిల్లల్ని వదిలేవాళ్లు. మునిగిన బిడ్డను తీయలేనివాడికి బిడ్డనెవరిస్తారు?

పంతొమ్మిదివందల యాభై అయిదులో, ఎద్దులతో బావినీళ్లు తోడే కపిల తోలుతుంటే మోకుకూ గిలకకూ మధ్య పడి ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. కర్నూలు ఆసుపత్రిలో చెయ్యి నిలిచింది గానీ మూడు వేళ్లు ముడుచుకోవు. ఆ ఏడు బావి మొహం చూడలేదు. ఊరి పిల్లలు కూడా నీళ్లలో దిగలేదు. ఆయన ఇంట్లో మూలన కూర్చుని అందరిమీదా కసురుకునేవాడు.

ఒకరోజు పెళ్లాం గిడ్డమ్మ అటక మీది బెండ్లు దించి ఆయన ముందు పడేసింది.

"ఊరి పిల్లోళ్లకంతా కట్టినావు కదప్పా. నీ వీపు మాత్రం దేవుడు చేసినాడా?"

ఎంత సిగ్గుపడ్డాడో! చివరికి మిట్టమధ్యాహ్నం, ఊరంతా నీడపట్టున ఉన్నప్పుడు ఇద్దరూ బావికి వెళ్లారు. మొదటిరోజు గానుగెద్దులా ఒకపక్కకే తిరిగాడట. రెండు నెలలకు బెండ్లు విప్పేశాడు.

మరుసటి ఎండాకాలం వచ్చింది. ఊరంతా పెద్దక్క అని పిలిచే మా అమ్మ నన్ను ఒడిసిపట్టుకుని ముందు మెట్టుమీద కూర్చుంది. చిన్నప్పుడు ఆమె తమ్ముడు ఆ బావిలోనే పోయాడు. అందుకే ఆమె సరే అంటేనే మిగతా తల్లులూ సరే అనేది.

మామ మునిగాడు, లేచాడు. కుడిచెయ్యెత్తి చూపితే ఏముంది! మట్టంతా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఎడమచేత తేవచ్చు కదా అంటారా? ఆయన్ను పైకి తెచ్చేది ఆ చెయ్యే.

"ఇంగ సాల్లే దాసన్నా, ఇంటికి పో," అంది మా అమ్మ. నాకు ఆమె చెయ్యి కొరకాలనిపించింది.

ఆయన మళ్లీ మునిగాడు. ఎంతకూ రాడే! గిడ్డమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుంది. బుడగలు కూడా ఆగిపోయాయి. అప్పుడు లేచిందండీ ఒక నల్లటి తల! జుట్టునిండా, నుదుటనిండా, చెవుల్లో కూడా జిగటమట్టి. తలను అడుగుకేసి పొడిచి తెచ్చాడు మహానుభావుడు. మెట్లమీద ఒకటే అరుపులు.

"పిడికిట్లో కదా తేవల్ల!" అంది మా అమ్మ.

"పిడికిట్లో ఎంత పడతాది పెద్దక్కా? తలకాయంత తెచ్చినా, సూసుకో," అన్నాడు రొప్పుతూ.

అమ్మ నన్ను వదిలి మెట్లు దిగింది. ఆయన నెత్తిమీది మట్టి వేలితో తీసి వాసన చూసింది. తమ్ముణ్ణి బయటికి తీసినరోజు అదే వాసన అని తర్వాతెప్పుడో చెప్పింది. కళ్లు తుడుచుకుని నన్ను పిలిచింది.

"యాడుండావే, రా. మొదట నీకే కట్టల్ల."

మామ తాడు ఒక కొస ఎడమచేత, ఇంకో కొస పళ్లతో పట్టి లాగి నా వీపుకు బెండ్లు బిగించాడు. ఆయన నెత్తిమీది బురద నా మెడమీద కారింది.

"గట్టిగా ఉండాదా?"

"ఉండాది మా..."

తోసేశాడు. నేను నీళ్లు మింగి కెవ్వుమంటుంటే పైన మా అమ్మ పకపకా నవ్వింది. ఆ బావి దగ్గర ఆమె నవ్వడం అదే మొదలు.