అమ్మ పాడిన నాలుగో పేజీ

దయ్యాలు, భూతాలు నాకెప్పుడూ కట్టుకథలే. మహబూబ్‌నగర్‌లో లెక్కల టీచర్‌ని. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. దేవుణ్ణి నమ్ముతాను. అంతకు మించి కంటికి కనబడనిదేదీ నమ్మలేదు. ఇది రాయాలా వద్దా అని రెండేళ్లు తటపటాయించాను.

రెండేళ్ల కిందట మరియమాత పండుగకు మా గాయక బృందంతో ఒక లాటిన్ పాట పాడిద్దామనుకున్నాను. చర్చి బీరువాలో చేతిరాత స్వరాల కాగితాలు దొరికాయి. మరియమ్మను స్తుతించే మంగళవార్త జపానికి ఎవరో పాతకాలపు విదేశీ స్వరకర్త కట్టిన బాణీ. ఆయన పేరున్న చోట చెదలు తినేశాయి. మూడు పేజీలే ఉన్నాయి, నాలుగోది లేదు. మా మరణ ఘడియలో మా కోసం వేడుకోమని మరియమ్మను అడిగే మాటలు అందులో ఉండాలి. ఎంత వెతికినా దొరక్కపోతే ఆ మాటలకు నేనే ఒక బాణీ కట్టుకున్నాను. ఇంట్లో రోజూ అమ్మ ముందే పాట మొత్తం పాడుతూ వాయించేదాన్ని.

పండుగకు పది రోజుల ముందు అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆసుపత్రిలో చేర్చాను. అమ్మకు చదువు రాదు. నాట్లు, కలుపు పనులతోనే ఆమె బతుకు గడిచింది. కూనిరాగం తీయగా కూడా నేనెన్నడూ వినలేదు.

అమ్మ ఏ చిన్న శబ్దం చేసినా ఫోన్‌లో రికార్డు చేయమన్నారు డాక్టరు. నాలుగో రోజు పొద్దున పది గంటలకు, వార్డంతా జనం ఉండగా, అమ్మ పక్క మంచం వైపు తల తిప్పి పాడటం మొదలుపెట్టింది.

లాటిన్‌లో. ఒక్క మాట తడబడలేదు. వెంటనే ఫోన్‌లో రికార్డు నొక్కాను. మూడు పేజీల వరకు నా దగ్గర విన్నదే అనుకున్నాను. తర్వాత వచ్చింది నా బాణీ కాదు. నేనెప్పుడూ విననిది.

పక్క మంచం మీద కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ముసలామె ఉండేది. పాట ఆగాక ఆమె కూతురు తల్లి చెయ్యి పట్టుకుని చూసింది. నా వైపు తిరిగి, "మా అవ్వ పోయిందక్కా. మీ అమ్మ పాట ఇనుకుంటనే పోయింది," అన్నది.

మాట పోయినవాళ్లు కొందరు పాడగలరని డాక్టరు చెప్పారు. కావచ్చు. అమ్మ మళ్లీ రెండు నెలలు నోరు విప్పలేదు.

చర్చిలో ఆ స్వరాల కాగితాలు రాసిన కన్యాస్త్రీ ఎప్పుడో చనిపోయారు. ఆమెతో పనిచేసిన మరొక సిస్టర్ నల్గొండలో ఉన్నారని తెలిసి వెళ్లాను. ఆమె పెట్టెలో పూర్తి ప్రతి ఉంది. ఆ పాట కష్టమని పక్కన పెట్టేశామని, ఎన్నడూ పాడలేదని ఆమె చెప్పారు.

నాలుగో పేజీ ముందు పెట్టుకుని ఫోన్‌లో అమ్మ గొంతు విన్నాను. ప్రతి స్వరం అదే. చివర్లో సాగదీయాల్సిన చోట కూడా అంతే సాగదీసింది.  సిస్టర్ కూడా పేజీ మీద వేలు పెట్టి పోల్చి చూశారు.

అమ్మ ఇప్పుడు మెల్లగా మాట్లాడుతోంది. మొన్న ధైర్యం చేసి ఆ రికార్డు వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నది.

"ఎవరు బిడ్డా గామె? మంచిగ పాడుతాంది," అన్నది.

రికార్డు మళ్లీ మొదటి నుంచి పెట్టాను.