చప్పట్లతో ఆమోదం

శాలువా చూస్తే నాకు ఒళ్లు మంట. పెళ్లిలో కానీ, పదవీ విరమణ సభలో కానీ, ఎవరైనా మడత పెట్టిన శాలువా పట్టుకుని నవ్వుతూ నా వైపు వస్తే లేచి చెప్పులేసుకుని వెళ్లిపోతాను. నాకు పొగరు అంటారు. అననీ, నాకేం?

మా బ్లాకు నాంపల్లి స్టేషను వెనక ఉంది. నాలుగు అంతస్తులు, లిఫ్టు లేదు. నేను కింద వాటాలో ఉంటాను. అబిడ్స్‌లో ఒక బ్యాంకులో చేరి, అక్కడే కళ్లజోడు తెచ్చుకుని, అక్కడే రిటైరయ్యాను. మా నాన్న యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఉద్యోగంతో పాటు కోస్తా నుంచి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. గుంటూరు చుట్టాలు నా తెలుగు విని సగం ఉర్దూ అని ఎగతాళి చేస్తారు, ఇక్కడివాళ్లు ఆంధ్రామె అంటారు. రెండు వైపులా పడ్డాను కనుక నోరు కాస్త గట్టిదే.

నాలుగో అంతస్తులో ఉన్నామె నన్ను అక్కా అని పిలుస్తుంది. మెదక్ దిక్కు పల్లె వాళ్లది. ఆమె భర్త బేగం బజార్‌లో హమాలీ. మిరపకాయ బస్తా వీపున వేసుకుని గోదాము మెట్లు ఎక్కినవాడు. ఒకరోజు మూట దించి అలాగే కూలబడ్డాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది. ఎడమ చెయ్యి ఒక్కటి బాగుంది. వదలకుండా దవాఖానకు తెచ్చి కసరత్తు చేయిస్తే మళ్లీ నడుస్తాడని డాక్టరు చెప్పింది. తేవాలంటే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగవాళ్లు నాలుగు అంతస్తులూ దింపాలి, మళ్లీ ఎక్కించాలి. మొదట్లో అందరూ ఉరికి వచ్చారు. తర్వాత ఒకరికి డ్యూటీ, ఒకరికి నడుం నొప్పి. వాళ్లనీ ఏమనలేం. ఆయనే ఒకనాడు తలుపు పట్టుకుని కుర్చీ ఎక్కనన్నాడు.

"నేనే మూటనైన. ఇగ నన్ను మొయ్యకున్రి" అన్నాడు.

అందుకే మా బ్లాకులో లిఫ్టు అంటే మాకు సోకు కాదు. ఆ మనిషి కాలు మీద నిలబడడమో, మంచానికి అంటుకుపోవడమో లిఫ్టు మీదే ఆధారపడి ఉంది.

లిఫ్టు వస్తుందని ఆశ పుట్టించింది కూడా పై అధికారులే. మా ఇళ్లు కట్టించిన ప్రభుత్వ సంస్థ అప్పట్లో బాండ్లు అమ్మి, పెద్ద వడ్డీకి అప్పు తెచ్చింది. ఆ భారం మా నెలవారీ కిస్తుల మీదే పడింది. ఇప్పుడు వడ్డీలు తగ్గాయి కనుక కొత్త బాండ్లు అమ్మి పాతవి తీర్చేస్తామనీ, అలా వడ్డీలో మిగిలేదాంతో బ్లాకుకో లిఫ్టు పెడతామనీ చెప్పారు. ఇందులో తప్పేమీ లేదు. బ్యాంకులో ఇలాంటివి ఎన్ని చూడలేదు! ఈ పని జరిపించడానికి బయటి కంపెనీ ఒకటి కావాలి. దాన్ని ఎంచుకోవడం మీద కన్నేసి ఉంచడానికి కాలనీ తరఫున పర్యవేక్షణ కమిటీ వేశారు. బ్యాంకు మనిషినని మావాళ్లు నన్ను అందులోకి తోశారు.

కమిటీలో టీ, ఉస్మానియా బిస్కెట్లు, నమస్కారాలు. మూడు కంపెనీలు ముందుకు వస్తే రెండింటి మాట ఎత్తరు. మూడోదాని ఫీజు ముందే పక్కన తీసి పెట్టాలట, ఆ తర్వాత మిగిలింది లిఫ్టుకట. కాగితాలు చదివితే నాకు అర్థమైంది: ఆ ఫీజు పోయాక మిగిలేదాంతో లిఫ్టు కాదు కదా, లిఫ్టు బొమ్మ కూడా రాదు. అడిగాను. కమిటీ అధ్యక్షుడు ఎంత మర్యాదస్తుడో! "మీలాంటి అనుభవజ్ఞులు ఉండడం మా అదృష్టం అమ్మా. ఇదే ప్రశ్న సర్వసభ్య సమావేశంలో అడగండి, అందరి ముందూ జవాబు చెప్తాం" అన్నాడు. కాంట్రాక్టుకు ఇళ్లవాళ్లందరి ఒప్పుకోలు తప్పనిసరి. నేను సరే అన్నాను.

మా కాలనీ అలవాటు ఒకటి చెప్పాలి. మేం ఏనాడూ చేతులెత్తి లెక్కపెట్టుకోలేదు. ఎవరు ఎత్తారో, ఎవరు ఎత్తలేదో కనబడితే పొద్దున్న మెట్ల మీద మొహాలు చూసుకోవడం కష్టం. అందుకని గణేశ్ మండపం దగ్గర్నుంచి నీళ్ల మోటారు దాకా అన్నీ చప్పట్లతోనే. ఎవరో లేచి విషయం చెప్తారు, అందరం చప్పట్లు కొడతాం, అయిపోయింది. ఇష్టం లేనివాడు ఊరుకుంటాడు. గొడవ లేదు, మాట పట్టింపు లేదు. ఎంత మంచివాళ్లమో అని మురిసిపోయేవాళ్లం.

సమావేశం అబిడ్స్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నాలుగో అంతస్తు ఆమె ఎట్లా బతిమాలిందో తెలియదు, భర్తను కుర్చీలో దింపించి ఆటోలో తీసుకొచ్చింది. "ఈయనను సూస్తే లిఫ్టు గురించి ఎవ్వరు అబద్ధం ఆడరు అక్కా" అంది. ముందు వరసలో కూర్చోబెట్టాం. ఆయన చాన్నాళ్ల తర్వాత గడ్డం గీయించుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

కంపెనీ మనిషి ఏవో బొమ్మలు చూపించాడు. అధ్యక్షుడు తీర్మానం చదివాడు. నేను గొంతు సవరించుకుని లేవబోతుంటే ఆయనే మైకులో నన్ను పిలిచాడు. అడగమని పిలుస్తున్నాడనుకున్నాను, నా మొహం! వేదిక ఎక్కగానే ఒకరు పూలగుత్తి చేతుల్లో పెట్టారు, ఒకరు దండ వేశారు, ఇంకొకరు భుజాల మీద శాలువా కప్పారు. "మన ఇళ్ల కోసం నిస్వార్థంగా శ్రమించిన సోదరికి చిరు సత్కారం. ఈ మహత్కార్యానికి, ఈ సోదరికి అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి!"

కొట్టారు. ఎందుకు కొట్టరు? నేను మావాళ్ల మనిషిని. పిల్లల స్కూలు ఫారాలు నింపిపెట్టాను, పింఛను కాగితాలు రాసిపెట్టాను. హాలు దద్దరిల్లింది. నేను దండలోంచి తల బయటికి తీసుకునేలోపే అధ్యక్షుడు అన్నాడు: "కరతాళధ్వనుల మధ్య తీర్మానం ఆమోదం పొందింది. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి."

మైకు అందుకున్నాను. అది పలకలేదు. అరిచాను. అప్పటికే కుర్చీలు బరబరా జరిగాయి, బిర్యానీ మూతలు తెరిచారు. "ఆగండి, మీరు దేనికి ఒప్పుకున్నారో తెలుసా?" అని నేను గొంతు చించుకుంటుంటే మా రెండో అంతస్తాయన ప్లేటుతో వచ్చి, "శాన బాగ మాట్లాడిన్రు మేడమ్" అన్నాడు. నేను మాట్లాడిందే లేదు!

ఆ తర్వాత కంపెనీ వచ్చింది. ఫీజు తీసుకుంది. లిఫ్టు రెండో దశలో అన్నారు. ఆ రెండో దశ ఎప్పుడో చెప్పే నాథుడు లేడు. నాలుగో అంతస్తు ఆమెను వెంటబెట్టుకుని సంస్థ ఆఫీసుకు పోయాను. అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి, చల్లటి నీళ్లు ఇప్పించి, అంతా విన్నాడు. తర్వాత కంప్యూటరు మా వైపు తిప్పాడు.

"వీడియో ఉందమ్మా. మీవాళ్లంతా ఆమోదించారు, చూడండి."

ఉంది. నేను దండ వేసుకుని దిష్టిబొమ్మలా నిలబడి ఉన్నాను. కింద అందరూ చప్పట్లు. కెమెరా మెల్లగా జరిగి ముందు వరస దగ్గర ఆగింది. అందరికన్నా గట్టిగా ఈమె కొడుతోంది. పక్కన ఆయన. రెండు చేతులూ కలవవు కదా, ఎడమ చేత్తో తన తొడ మీద కొట్టుకుంటున్నాడు. ఆగకుండా, నవ్వుతూ. అందరూ ఆపేశాక కూడా రెండు దెబ్బలు వేశాడు.



"గవి అక్కకు కొట్టినం సార్. మీ కాంట్రాక్టుకు కాదు" అంది ఆమె.

"ఎవరికి కొట్టారో వీడియోలో తెలియదు కదమ్మా. అభ్యంతరం ఉంటే కోర్టుకు పోవచ్చు. నాంపల్లిలోనే కదా, మీకు దగ్గరే" అన్నాడు, ఎంతో దయగా.

దగ్గరే. పోయాను కూడా. వాయిదాలు నడుస్తున్నాయి, నడవగలిగినవి అవే.

ఆ రోజు ఆఫీసు నుంచి ఇద్దరం ఇంటికొచ్చాం. నేను నా తాళం తియ్యకుండా ఆమెతో పాటు మెట్లెక్కాను. ఆయనకు నా నోటితో నేనే చెప్పాలని ఉంది. ఇట్లా మోసం చేశారయ్యా, నీ చప్పట్లు కూడా వాడుకున్నారు అని చెప్పి, ఇద్దరం కలిసి వాళ్లను నాలుగు తిట్టుకుంటే నా కడుపుమంట చల్లారేది. మూడో అంతస్తు దాటాక పైనుంచి ఆయన గొంతు వినిపించింది. మా అడుగులు పోల్చుకున్నాడు.

"ఏమన్నరే? లిఫ్టు ఎప్పుడొస్తదట?"

ఆమె మెట్టు మీద ఆగి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వీడియో సంగతి చెప్పకు అక్కా" అంది మెల్లగా. "ఆయనకు ఉన్నది గా ఒక్క చెయ్యే."