కెమిస్టుల సంఘం దాచిన గాజు ముక్కలు

2022 వేసవి. కెనడాలోనూ లండన్ అనే ఊరుంది. అక్కడ మా యూనివర్సిటీ కెమిస్ట్రీ భవనం కింది అంతస్తులో నా వర్క్‌షాప్. నేను గ్లాస్‌బ్లోయర్‌ని. ప్రయోగాలకు కావలసిన గాజు పరికరాలు మంట మీద చేస్తాను, విరిగినవి అతుకుతాను. హైదరాబాద్‌లో నేర్చిన పని. మావాళ్ళ పార్టీల్లో అందరూ ఐటీ కబుర్లలో ఉన్నప్పుడు నేను గాజు ఊదుతానంటే, వింతగా చూసి మళ్ళీ ప్లేట్లలోకి దిగుతారు.

ఒక మధ్యాహ్నం సుమతి వచ్చింది. యూనివర్సిటీ మ్యూజియంలో కాంట్రాక్ట్ మీద పనిచేసే విశాఖ అమ్మాయి. ఐదు చిన్న గోళాలున్న గాజు గొట్టాన్ని టవల్‌లో చుట్టి తెచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి కెమిస్టులు ఒక సంఘం పెట్టుకుని నెలనెలా కలిసేవారు. ఉపన్యాసంతో సరిపెట్టకుండా సభ్యుల ముందే ప్రయోగం చేసి చూపాలన్నది వాళ్ళ నియమం. అందులో వచ్చే వాయువును పట్టి తూచడానికి వాడిన గొట్టమిది. ఎగ్జిబిషన్ కోసం తుడుస్తుంటే మెడ దగ్గర విరిగింది.

"అంకుల్, ఎవరికీ తెలీకుండా అతికించగలరా? కాంట్రాక్ట్ రెన్యూ చేయకపోతే ఇక్కడ స్థిరపడడానికి పెట్టుకున్న నా పీఆర్ ఫైల్ అక్కడితో ఆగిపోతుంది."

పాపం అనిపించింది, కానీ ఉన్నమాట చెప్పక తప్పలేదు. ఇప్పుడు ల్యాబుల్లో వాడేది బోరోసిలికేట్, ఇది పాత సోడా గాజు. వేడికి రెండూ ఒకేలా సాగవు. కలిపితే చల్లారేటప్పుడు అతుకు చిట్లుతుంది. వాళ్ళ గాజే దొరికితే తప్ప లాభం లేదన్నాను.

ఆ గాజు మ్యూజియం స్టోర్‌లోనే ఉందట. సంఘంలో ఎవరి చేతిలో ఏది పగిలినా ముక్కల్ని ఒక పెట్టెలో వేసేవారట. ఏడాది చివరి సమావేశంలో అందరూ కూర్చుని ఒకరివి ఒకరు అతికేవారట. కానీ ఆ పెట్టె తెరవాలంటే క్యూరేటర్ హెలెన్ అనుమతి కావాలి. అంటే విరిగిన సంగతి చెప్పాలి. తోడు వస్తానన్నాను. వద్దని తనే వెళ్ళింది.

కాసేపటికి ఇద్దరూ వచ్చారు. పెట్టె హెలెన్ చేతిలో ఉంది. ఆవిడ గొట్టాన్ని కిటికీ వెలుగులో తిప్పి, ఇంకో గోళం దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న పాత అతుకు మీద వేలు పెట్టింది. సుమతితో ఇంగ్లిష్‌లో నెమ్మదిగా అంది.

"దీన్ని ఇంతకుముందు కూడా ఎవరో పగలగొట్టారు. సంఘంవాళ్ళు ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అతికారు. మనమూ అదే చేద్దాం."

సుమతి స్టూల్ మీద కూలబడి ఏడ్చేసింది.

సరిపోయే ముక్క ఎంచి, మెత్తటి మంట మీద అతికి, అనీలింగ్‌కి పెట్టాను. అంటే కొలిమిలో మెల్లమెల్లగా చల్లార్చడం. మర్నాడు తీసి చూస్తే గొట్టం నిలిచింది. నా అతుకూ కాస్త లావుగానే వచ్చింది. దాన్ని దాచమని హెలెన్ అడగలేదు. సుమతి కాంట్రాక్ట్ కూడా రెన్యూ అయింది.

పేర్లయినా తెలియని ఆ కెమిస్టులకు నేను రుణపడ్డాను. విరిగిన గాజు పట్టుకుని ఎవరైనా బిక్కుబిక్కుమంటూ వస్తే, ఎలా పగలగొట్టావని ఇప్పుడు అడగను. ముందు కూర్చోమంటాను.