అడిగినట్టే అడిగి

మేం జనగామలో ఉంటాం. నేను దగ్గర్లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. మా ఆయన మహబూబాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రం రైల్లో తిరిగొస్తాడు. మాకు ఒక్కతే కూతురు. చెప్పిందల్లా నమ్మే పిల్లగా కాక, ఎందుకు, ఎట్లా అని అడిగే పిల్లగా దాన్ని పెంచాలన్నది ఆయన పట్టుదల. నాకూ అది నచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్‌లో వచ్చిన వార్త ఒకటి తీసి దాని ముందు పెట్టేవాడు. "ఇది ఎవరు రాసిన్రు బిడ్డా? వాళ్లకెట్ల తెల్సు?" అని అడిగేవాడు. ఒకసారి పుచ్చకాయలకు సూదితో రంగు ఎక్కిస్తున్నారని ఒక వీడియో వచ్చింది. ఇద్దరూ బజారుకు వెళ్లి కాయ తెచ్చారు, ముక్క మీద దూది అద్ది చూశారు. దూదికి రంగు పట్టలేదు. "చూసినవా, వీడియో అబద్ధం" అన్నాడాయన. అది ఒప్పుకోలేదు. "ఒక్క కాయ చూసి అందరి సంగతి ఎట్ల చెప్తం బాపూ? ఇంకో బండి కాడ గూడ తెద్దాం" అంది. అప్పుడు దానికి పదేళ్లు. ఆయన పొంగిపోయి వారం రోజులు ఆఫీసులో అందరికీ ఈ సంగతే చెప్పుకున్నాడు.

అది ఏడో తరగతిలో ఉండగా, ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆయన దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. భూపాలపల్లి వైపు ఒక హాస్టల్ స్కూలుంది, ఎనిమిది నుంచే పెద్ద పరీక్షలకు తయారు చేస్తారు అని చెప్పాడు.

"పోతవా పోవా, నువ్వే చెప్పాలె. నీ సదువు, నిర్ణయం నీదే. తొందరేం లేదు, నెల రోజులు ఆలోచించు. కానీ ఊకె అద్దు అంటే కాదు, కారణం చెప్పాలె."

అది ఆ మాటను ఎంత నమ్మిందో నేను కళ్లారా చూశాను. ఒక నోటుబుక్కు పెట్టుకుంది. మా గల్లీలో అందరం ఖాలా అని పిలిచే, బట్టలు కుట్టే ఆమె కూతురు ఆ స్కూల్లోనే రెండేళ్లు చదివి వచ్చిందని తెలుసుకుని వాళ్లింటికి వెళ్లింది. నేనూ తోడు వెళ్లాను. ఎన్నింటికి లేపుతారు, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు అని అడిగి, చివరికి ఇది అడిగింది:

"అక్కా, అక్కడ డౌట్ వస్తే ఏం చేస్తరు?"

"డౌట్ల టైం వేరే ఉంటది. గప్పటిదాంక యాద్ పెట్టుకోవాలె" అందా అమ్మాయి. ఆ వెంటనే నవ్వింది. "యాద్ పెట్టుకొని పెట్టుకొని, మెల్లగ డౌట్లే రావు."

మా అమ్మాయి ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది. మంచివీ రాసింది. అక్కడ లెక్కలు బాగా చెప్తారని, ఖాలా వాళ్లమ్మాయికి మంచి మార్కులొచ్చాయని దాచకుండా రాసింది. మార్చి చివర్లో రెండు పేజీలు నింపి తండ్రి చేతికిచ్చింది. కింద చివరి వాక్యం, "అందుకే నేను పోను."

ఆయన రెండుసార్లు చదివాడు. శభాష్ అన్నాడు. నా వైపు తిరిగి, "చూడు, నాకన్న మంచిగ ఆలోచించింది" అన్నాడు. ఇక ఆ విషయం అక్కడితో అయిపోయిందని నేనూ అమ్మాయీ అనుకున్నాం.

మే నెలలో ఒక మధ్యాహ్నం చపాతీల పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. నా చేతులకు పిండి ఉందని అమ్మాయే ఫోన్ ఎత్తి స్పీకర్ పెట్టింది.

"మేడం, హాస్టల్ స్కూలు నుంచి మాట్లాడుతున్న. పాప యూనిఫాం కొలతలు పంపలే మీరు. జూన్ల క్లాసులు షురూ అయితయి."

"మేం చేర్పిస్తలేం గదమ్మా" అన్నాను.

"గట్లంటరేంది మేడం? సార్ జనవరిలనే అడ్మిషన్ చేపిచ్చిండు. ఫారం మీద సంతకం గూడ ఉన్నది. సార్ నంబర్ కలుస్తలేదని మీకు చేసిన."

ఫోన్ పెట్టేశాక అమ్మాయి మెల్లగా అడిగింది. "అమ్మా, బాపు నన్ను అడిగింది ఫిబ్రవరిల గద?"

నేను చేతులు కూడా కడుక్కోకుండా నెలలు లెక్కపెట్టుకున్నాను. జనవరిలోనే సంతకం చేసి వచ్చిన మనిషి, ఫిబ్రవరిలో నిర్ణయం నీదే అన్నాడు. అది గల్లీలో తిరిగి తిరిగి రాసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాడు. ఇంత జరిగాక శభాష్ కూడా అన్నాడు. నన్నెంత మోసం చేసినా ఓర్చుకునేదాన్నేమో. ఆ శభాష్ మాత్రం ఈ రోజుకీ మింగుడుపడదు.

సాయంత్రం ఆయన రైలు దిగి ఇంటికొచ్చి చెప్పులు విడవక ముందే అడిగాను. మొదట తడబడ్డాడు. తర్వాత అమ్మాయితో అన్నాడు, "సీట్లు అయిపోతయని ముందే చేసిన. నువ్వు ఆలోచిస్తే నువ్వే సరే అంటవనుకున్న."

"నేను పోనన్న గద బాపూ. అప్పుడన్న చెప్పకపోతివి."

"చిన్నపిల్లవు, నీకేం తెలుస్తది!"

ఆ మాట ఆయన నోట మా ఇంట్లో అంతకు ముందెప్పుడూ వినలేదు. దానికీ కొత్తే. అది వాదించలేదు, ఏడవలేదు. లోపలికి వెళ్లిపోయింది.

నేను వెనకాలే వెళ్లి పక్కన కూర్చున్నాను. "నాకు తెల్వదు బిడ్డా. ఒట్టు, నాకు అసలే తెల్వదు."

అది నా ముఖం పరీక్షగా చూసింది. కోపంగా కాదు, మామూలుగా అడిగింది. "నీకు తెల్వదని నాకెట్ల తెలుస్తది అమ్మా?"

ఆ మాటకొస్తే ఆ నెలంతా దాని పక్కనే ఉన్నాను. ఖాలా ఇంటికి తోడు వెళ్లింది నేనే. దాని వైపు నుంచి చూస్తే, ఆ నాటకంలో నేనూ ఒక పాత్రనే. ఆయన నన్ను అడగకుండానే నాకా వేషం వేశాడు.

వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. అడ్మిషన్ రద్దు చేయించమని పట్టుబట్టాను. చివరికి అమ్మాయే, "నేను పోత. లొల్లి అద్దు" అంది. నిజం చెప్పాలంటే, ఆ మాటకు నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. గొడవ తీరింది కదా అనుకున్నాను. దాని పెట్టె నేనే సర్దాను. మోసం చేసింది ఆయన, కానీ దాన్ని ఆపకుండా బస్సెక్కించింది నేను.

రెండేళ్లు నెలకోసారి భూపాలపల్లి బస్సెక్కాను. ఎట్లుంది అంటే మంచిగుంది అనేది. తిండి మంచిగుంది, సార్లు మంచిగున్నరు. ఒకసారి వార్డెనమ్మ, "మీ పాప మస్తు మంచిది మేడం, ఒక్క మాట ఎదురడగదు" అని మెచ్చుకుంది. తిరుగు ప్రయాణంలో కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడ్చాను.

పదో తరగతికి ఇంటికి తెచ్చేస్తానని ఆయనతో తెగేసి చెప్పాను. ఆయన అడ్డు చెప్పలేదు, అప్పటికి ఆయనకూ ఇంట్లో మాట్లాడే మనిషి లేకుండా పోయింది. ఈసారి నిజంగానే అడుగుతున్నాను, వస్తవా అని అమ్మాయిని అడిగాను. "మీ ఇష్టం" అంది.

వచ్చింది. ఇక్కడే పది పాసయింది. ఆయన ఒకరోజు దాని ముందు కూర్చుని, "తప్పు చేసిన బిడ్డా" అన్నాడు. నిజంగానే అన్నాడు. అది తలూపింది, అంతే.

ఈ మధ్య ఇంటర్ దరఖాస్తుల రోజులొచ్చాయి. ఏ గ్రూపు తీసుకోవాలో మాట్లాడుకుందామని ఆయన రెండు రోజులుగా మాట కూడగట్టుకుంటున్నాడు. అన్నాల దగ్గర మెల్లగా మొదలుపెట్టాడో లేదో, "మొన్ననే పెట్టిన బాపూ" అంది. హెచ్.ఈ.సీ. అట, చరిత్ర చదువుతుందట.

"జర మాకు చెప్పాలె గదనే" అన్నాడాయన.

"ఇప్పుడు చెప్తున్న గద."

ఎందుకు తీసుకున్నవు, కారణాలేంది అని నేనడిగాను. తప్పుబట్టడానికి కాదు, వినాలని ఆశతో అడిగాను.

"ఉన్నయి" అంది. కంచం తీసుకుని కడగడానికి లేచింది.